చేసిన ఉద్యోగాలన్నిటికీ ఒక చిట్టా రాసుకోవడం ఎలా?

ముప్పై ఏళ్ళలో ఐదారు చోట్ల పనిచేసిన మనిషిని మొదటి ఉద్యోగంలో ఎప్పుడు చేరారని అడగండి. "అదేదో పుష్కరాల ముందేడు..." అంటూ పైకప్పు కేసి చూస్తారు. ఇంట్లో కబుర్లకు ఆ జవాబు చాలు, పీఎఫ్ ఆఫీసులో చాలదు. యాభై ఎనిమిదేళ్ళు నిండి పింఛను ఫారం నింపే రోజున చేరిన తేదీ, మానేసిన తేదీ, ఖాతా నంబరు కావాలి. ఆ రోజున వెతుకులాట మొదలుపెడితే పాత కంపెనీ ఉండదు, ఉన్నా అప్పటి అకౌంటెంట్ ఉండడు. అందుకే ఈ పని యాభై దాటగానే పెట్టుకోవాలి. పాత సహోద్యోగుల ఫోన్ నంబర్లు ఇంకా పనిచేస్తున్నప్పుడే.

ముందు ఈ చిట్టా దేనికో తెలియాలి. తెలియకపోతే రెండో రోజే పక్కన పడేస్తారు.

ప్రైవేటు ఉద్యోగికి నెలనెలా వచ్చే పింఛను 1995 నవంబరు 16న మొదలైన ఈపీఎస్-95 పథకం కింద వస్తుంది. అంతకుముందు 1971 నాటి కుటుంబ పింఛను పథకం ఉండేది, ఆ సర్వీసుకు వేరే లెక్క ఉంది. ఈపీఎస్ పింఛను రావాలంటే అన్ని సంస్థల్లోనూ కలిపి పదేళ్ళ సర్వీసు ఉండాలి. చివర మిగిలిన నెలలు ఆరు, ఆపైన ఉంటే ఏడాదిగా లెక్కిస్తారు, ఆరుకు తక్కువైతే వదిలేస్తారు. ఇప్పటి కంపెనీలో 6 ఏళ్ళ 8 నెలలు చేసి రిటైరయ్యే మనిషికి విడిగా చూస్తే పింఛను లేదు, ఒకసారి ఇచ్చే కొద్దిపాటి మొత్తం తీసుకుని వెళ్ళాల్సిందే. ఇరవై ఏళ్ళ కిందట ఎక్కడో చేసిన 2 ఏళ్ళ 11 నెలలు దానికి కలిస్తే 9 ఏళ్ళ 7 నెలలవుతుంది, అంటే పదేళ్ళ లెక్క. బతికున్నన్నాళ్ళూ పింఛను, తరవాత భార్యకో భర్తకో కుటుంబ పింఛను. తేడా అంతా మరిచిపోయిన ఆ మొదటి ఉద్యోగంలోనే ఉంది.

పదేళ్ళు ఎప్పుడో దాటినవారికీ నష్టం ఉంటుంది. పింఛను సూత్రం ఇది: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతం చివరి 60 నెలల సగటు. దానికి గరిష్ఠ పరిమితి 2014 ఆగస్టు వరకు చేసిన సర్వీసుకు 6,500, ఆ సెప్టెంబరు 1 నుంచి 15,000. జీతం పరిమితికి తగ్గని ఉద్యోగి ఒకరు 2014కు ముందు 11 ఏళ్ళు, తరవాత 11 ఏళ్ళు చేశారనుకుందాం. మొదటి భాగానికి 1,021, రెండో భాగానికి 2,357, మొత్తం 3,378 రూపాయలు. పైగా ఇరవై ఏళ్ళు నిండాయి కనుక 58కి రిటైరైతే సర్వీసుకు మరో రెండేళ్ళు బోనస్‌గా కలుపుతారు. తొలి నాలుగేళ్ళ ఉద్యోగం రికార్డులో లేకపోతే 3,378 కాస్తా 3,007 అవుతుంది. సర్వీసు 18 ఏళ్ళకు పడిపోయింది కనుక రెండేళ్ళ బోనస్ కూడా పోతుంది. నాలుగేళ్ళ కాగితం పోతే ఆరేళ్ళు పోయినట్టు. ఇది చాలామంది గమనించరు.

మొదట జ్ఞాపకం, తరవాతే వెబ్‌సైట్

అందరూ ముందు వెబ్‌సైట్ తెరుస్తారు. అక్కడ మూడు ఉద్యోగాలు కనిపిస్తే, "ఓహో, మనం చేసింది మూడే" అని మనసు కూడా సర్దుకుంటుంది. యజమానులు నెలనెలా వివరాలను కంప్యూటర్లో పంపే పద్ధతి 2012 ఏప్రిల్‌లో వచ్చింది. యూఏఎన్ అనే పన్నెండంకెల శాశ్వత నంబరు 2014 అక్టోబరులో మొదలైంది. అంతకుముందు వదిలేసిన ఉద్యోగాలు దానంతటవే మీ యూఏఎన్ కిందికి రావు. అందుకే ముందు కాగితం, పెన్ను.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. మొదటి పేజీ ఖాళీగా ఉంచండి. ఒక్కో ఉద్యోగానికి ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పేజీలో గుర్తున్నది, కుడి పేజీలో కాగితం చెప్పింది. రెండిటినీ కలిపి రాయకండి. ఒకటికొకటి పొసగని చోటే మీకు పని ఉంటుంది, కలిపి రాస్తే అది కనబడదు.

ఎడమ పేజీలో రాయాల్సినవి: సంస్థ అప్పటి పేరు, ఊరు, వీధి, చేరిన నెల, మానేసిన నెల, చేసిన పని, హోదా, మొదటి జీతం, చివరి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ కోత ఉండేదా, మానేశాక ఏయే డబ్బులు చేతికొచ్చాయి, ఎందుకు మానేశారు, ఇప్పటికీ దొరికే పాత సహోద్యోగి పేరు, ఫోను. మానేసిన కారణం మొహమాటపడకుండా రాయండి. "గొడవపడి వచ్చేశాను" అని ఉంటే, ఆ కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇచ్చి ఉండదని, రికార్డులో మానేసిన తేదీ వేసి ఉండకపోవచ్చని అప్పుడే తెలిసిపోతుంది.

తేదీలు గుర్తు రాకపోతే ఉద్యోగాలతో మొదలుపెట్టకండి, అద్దె ఇళ్ళతో మొదలుపెట్టండి. ఏ ఇంట్లో ఉండగా ఏ ఆఫీసుకు వెళ్ళేవారు, సైకిల్ మీదా, బస్సులోనా, బస్సయితే ఏ నంబరు? పెద్దమ్మాయి బాలసారె ఏ ఇంట్లో చేశారు? ఇవి ఇంట్లో ఆడవాళ్ళకు బాగా గుర్తుంటాయి, పక్కన కూర్చోబెట్టుకోండి. ఊరంతటికీ గుర్తుండే ఘటనలు కూడా మేకుల్లా పనికొస్తాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. సంపూర్ణ సూర్యగ్రహణం, వీధులన్నీ ఖాళీ అయిన రోజు, 1980 ఫిబ్రవరి 16. ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. కోనసీమ తుపాను 1996 నవంబరు 6. హైదరాబాద్ మునిగిన వానలు 2000 ఆగస్టు. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015. కృష్ణా పుష్కరాలు 2004, 2016. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2, విశాఖలో హుద్‌హుద్ అదే ఏడు అక్టోబరు 12. "తుపానొచ్చినప్పుడు ఇంకా ఆ ప్రెస్సులోనే ఉన్నానా?" అని ప్రశ్న వేసుకుంటే నెలకు అటూ ఇటూగా తేదీ తేలుతుంది.

ఖాళీగా ఉన్న రోజులనూ రాయండి. రెండు ఉద్యోగాల మధ్య ఏడాదిన్నర ఎడం ఉంటే, "ఆ మధ్యలో ఏం చేశాను?" అన్న ప్రశ్న దగ్గరే మరిచిపోయిన ఐదు నెలల ఉద్యోగం బయటపడుతుంది.

ట్రంకుపెట్టె పని

తరవాత ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నేలమీద పరవండి. నియామక పత్రం, రిలీవింగ్ లెటర్ ఎలాగూ చూస్తారు. అవి లేనప్పుడు ఆదుకునేవి వేరే ఉన్నాయి.

పీఎఫ్ వార్షిక స్లిప్ అన్నిటికన్నా విలువైనది. అరచేతి వెడల్పు చీటీ, అంకెలు వెలిసిపోయి ఉంటాయి. మీ ఖాతా నంబరు, ఆ ఏడాది మీ వాటా, యజమాని వాటా, వడ్డీ దాని మీదే ఉంటాయి. చేరిన నెలను కూడా దాన్నుంచి లాగొచ్చు. పీఎఫ్ ఏడాది మార్చి జీతంతో మొదలై ఫిబ్రవరి జీతంతో ముగుస్తుంది. మచ్చుకు ఇలా చూడండి. ఎడమ పేజీలో "విజయవాడలో ప్రెస్సు, 1993 దసరా ప్రాంతంలో చేరిక, 1996 తుపాను నెలలో మానేశాను" అని ఉంది. నెలకు 75 రూపాయలు పీఎఫ్ పట్టేవారని పాత జీతం చీటీలో ఉంది. 1993-94 స్లిప్‌లో ఉద్యోగి వాటా 375 అని ఉంది. 375ను 75తో భాగిస్తే అయిదు నెలలు. ఫిబ్రవరి నుంచి వెనక్కి అయిదు లెక్కపెడితే అక్టోబరు. కుడి పేజీలో "అక్టోబరు 1993, స్లిప్ ప్రకారం" అని రాసేయొచ్చు. ఒక్క జాగ్రత్త: పాత రోజుల్లో చేరగానే పీఎఫ్‌లో చేర్చేవారు కాదు, కొన్ని నెలలు ఆగేవారు. స్లిప్ చెప్పేది పీఎఫ్‌లో చేరిన నెల. పింఛనుకు కావలసిందీ అదే.

ఈఎస్ఐ కార్డు మీద పదంకెల ఇన్సూరెన్స్ నంబరు, కొన్నిటి మీద చేరిన తేదీ ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్‌లో ప్రతి నెలా ఒకే రోజున ఒకే మొత్తం పడితే అది జీతమే. మొదటిది, చివరిది ఎప్పుడు పడ్డాయో రాసుకోండి. పాస్‌బుక్ పోయి, బ్యాంకు పేరు కూడా మారిపోతే కంగారు పడక్కర్లేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. అడగాల్సింది అక్కడ. అయితే బాగా పాత స్టేట్‌మెంట్లు బ్యాంకులో దొరకడం కష్టం, కాబట్టి చినిగిన పాస్‌బుక్‌ను పారేయకండి. ఆదాయపు పన్ను కోత పడిన ఉద్యోగాలకు ఫారం 16, లేదంటే పన్ను పోర్టల్లో ఫారం 26ఏఎస్. ఏ ఏడాది ఏ యజమాని పన్ను కోశాడో పేరుతో సహా అందులో ఉంటుంది. ఇవేవీ లేకపోతే ఐడీ కార్డు, బోనస్ రసీదు, సంస్థ ముందు దిగిన గ్రూప్ ఫొటో కూడా దాచండి. పీఎఫ్ ఆఫీసులో ఫొటో సాక్ష్యం కాకపోవచ్చు, కానీ ఆ ఫొటోలో పక్కన నిలబడ్డవాళ్ళ దగ్గర స్లిప్ ఉండొచ్చు. వాళ్ళ స్లిప్ దొరికితే సంస్థ కోడ్ దొరికినట్టే.

ఆ కోడ్ చదవడం తెలియాలి. పూర్తి నంబరు "ఏపీ/హెచ్‌వైడీ/0012345/000/0000678" లాగా ఉంటుంది. మొదటి రెండక్షరాలు ప్రాంతం, తరవాతి మూడు ఆఫీసు, ఏడంకెలు సంస్థ, మూడంకెలు దాని శాఖ, చివరి ఏడంకెలు మీవి. పాత స్లిప్ మీద "ఏపీ/12345/678" అని మాత్రమే ఉంటే ఖాళీలను సున్నాలతో నింపుకోవాలి. కోడ్‌లో ఏపీ ఉంది కదా అని ఆఫీసు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉందనుకోవద్దు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ సంస్థలకు ఇచ్చిన కోడ్‌లూ అవే. పీఎఫ్ వెబ్‌సైట్‌లో సంస్థల్ని వెతికే పేజీ ఉంది. పేరు కొట్టినా, కోడ్ కొట్టినా చిరునామా, ఏ ఆఫీసు పరిధిలో ఉందో చూపిస్తుంది. పేరు పూర్తిగా కొట్టకండి, మొదటి మాట ఒక్కటే కొట్టండి. ప్రైవేట్ లిమిటెడ్ అన్న మాటల స్పెల్లింగ్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు వెబ్‌సైట్

యూఏఎన్ తెలిసి, ఆధార్‌కు కలిపిన ఫోను చేతిలో ఉంటే సభ్యుల పోర్టల్లోకి వెళ్ళి "వ్యూ" కింద "సర్వీస్ హిస్టరీ" తెరవండి. ప్రతి వరసలో నాలుగు విషయాలు చూడాలి: చేరిన తేదీ, పీఎఫ్ నుంచి తప్పుకున్న తేదీ, పింఛను నుంచి తప్పుకున్న తేదీ, కారణం. రెండు తప్పుకున్న తేదీలు వేరువేరు గడుల్లో ఉంటాయి. ఒకటి నిండి రెండోది ఖాళీగా ఉండడం మామూలే, అదే తరవాత తిప్పలు పెడుతుంది. యూఏఎన్‌కు కలిపిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిసారి జమైన మొత్తం, నిల్వ మెసేజ్‌గా వస్తాయి. మీ యూఏఎన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి అంతకన్నా తేలిక దారి లేదు.

ఈ-శ్రమ్ కార్డు మీద ఉండే పన్నెండంకెల నంబరును కూడా యూఏఎన్ అనే అంటారు. అది అసంఘటిత కార్మికుల నమోదు నంబరు, పీఎఫ్‌తో సంబంధం లేదు. రెండిటినీ కలిపేసుకుని "లాగిన్ కావడం లేదు" అని మీ-సేవ చుట్టూ తిరిగేవాళ్ళు కొల్లలు.

వెబ్‌సైట్ చూపినదాన్ని కుడి పేజీలో ఎక్కించి, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడాలు సాధారణంగా ఇలా ఉంటాయి.

ఉద్యోగం అసలు కనబడకపోవడం. 2014కు ముందు మానేసినదైతే ఇదే ఎక్కువ. పాత ఖాతాలో డబ్బు ఉండిపోయి ఉంటే, పాత నంబరు ఇచ్చి ఇప్పటి ఖాతాకు బదిలీ పెట్టాలి. డబ్బు అప్పుడే తీసుకుని ఉంటే ఏ ఫారం మీద తీసుకున్నారో గుర్తుచేసుకోండి. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. పీఎఫ్ సొమ్ముకు ఫారం 19, పింఛను వాటాకు ఫారం 10సి. 10సి మీద పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు చెల్లిపోయింది, దాన్ని తిరిగి తేలేరు. 19 ఒక్కటే పెట్టి ఉంటే డబ్బు వచ్చినా సర్వీసు బతికే ఉంది. "పీఎఫ్ తీసేసుకున్నాం కదా, అది అయిపోయింది" అని ఎన్నో ఏళ్ళ సర్వీసును వదిలేసుకునేది ఇక్కడే. పాస్‌బుక్ చూడండి: పీఎఫ్ పేరుతో రెండు జమలు విడివిడిగా పడితే రెండో చిన్నది 10సిది కావొచ్చు. ఒక్కటే పడి ఉంటే పీఎఫ్ ఆఫీసులో అడిగి తీరాలి.

రెండు యూఏఎన్‌లు ఉండడం. కొత్త కంపెనీలో చేరేటప్పుడు ఫారం 11లో పాత నంబరు రాయకపోతే ఇంకోటి పుట్టుకొస్తుంది. పాతదాన్నుంచి ఇప్పుడు వాడుతున్నదానికి బదిలీ పెట్టండి. బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పీఎఫ్ సొమ్ము వచ్చి, పింఛను గడిలో సున్నా కనిపిస్తే గుండె జారక్కర్లేదు. పింఛను వాటా డబ్బుగా కదలదు, సర్వీసు మాత్రమే కదులుతుంది. అది వచ్చిందా అన్నది పాస్‌బుక్‌లో కాదు, సర్వీస్ హిస్టరీలో చూడాలి.

మానేసిన తేదీ లేకపోవడం. పాత యజమాని వేయకపోతే "మేనేజ్" కింద "మార్క్ ఎగ్జిట్" ద్వారా మీరే వేసుకోవచ్చు. చివరిసారి జమపడి రెండు నెలలు దాటాలి. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. తేదీ ఆ చివరి జమ పడిన నెలలోనిదే అయి ఉండాలి. ఒకసారి వేశాక దిద్దడం తేలిక కాదు, అందుకే మొదట చిట్టా చూసుకుని ఆ తరవాతే నొక్కండి. పాత చోట మానేసిన తేదీ కొత్త చోట చేరిన తేదీ తరవాత పడిందంటే రెండు సర్వీసులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు, బదిలీ దగ్గర పేచీ వస్తుంది.

పేరు, పుట్టిన తేదీ కలవకపోవడం. ఇది మన తెలుగువాళ్ళ సొంత ఆస్తి. స్లిప్ మీద "కె.వి.రావు", ఆధార్‌లో "కొండా వెంకటేశ్వరరావు", పాన్‌లో ఇంటిపేరు చివర. ఆడవాళ్ళకు పుట్టింటి పేరుతో సగం రికార్డు, అత్తింటి పేరుతో సగం. పుట్టిన తేదీ బడిలో పంతులుగారు వేసిన జులై 1, ఆధార్‌లో ఎవరో వేసిన జనవరి 1. సవరణకు జాయింట్ డిక్లరేషన్, అంటే ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే ప్రకటన, పెట్టాలి. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ వంటి పదకొండు అంశాలు దాని ద్వారా మారతాయి. పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్ గట్టి కాగితం. వరస మాత్రం తప్పొద్దు: ముందు ఆధార్ సరిగ్గా ఉండాలి, తరవాత పాన్, ఆపైన పీఎఫ్. తలకిందులుగా చేస్తే చేసిన పనే మళ్ళీ చేయాలి.

కంపెనీయే లేకపోతే

అల్విన్, ఆజంజాహి మిల్లు లాంటి మూతబడ్డ, చేతులు మారిన సంస్థల్లో చేసినవారు మన దగ్గర వేలల్లో ఉన్నారు. మొదట చూడాల్సింది సంస్థ పేరు మారిందా, వేరేదానిలో కలిసిందా, నిజంగానే మూతబడిందా అన్నది. కలిసి ఉంటే కలుపుకున్న కంపెనీ హెచ్‌ఆర్‌కు రాయాలి. సత్యం కంప్యూటర్స్‌లో చేసినవారు అడగాల్సింది టెక్ మహీంద్రాను, 2013లో విలీనమైంది. కొన్ని పెద్ద సంస్థలకు సొంత పీఎఫ్ ట్రస్టులు ఉంటాయి. అలాంటి చోట డబ్బు ట్రస్టు దగ్గర, పింఛను సర్వీసు పీఎఫ్ ఆఫీసు దగ్గర ఉంటాయి. ట్రస్టు నుంచి బయటికి వచ్చేటప్పుడు "అనెగ్జర్ కె" అనే కాగితం కావాలి. చేరిన తేదీ, మానేసిన తేదీ, జీతం లేని రోజులు అన్నీ అందులోనే ఉంటాయి. అది రాకుండా బదిలీ అయితే సర్వీసులో కంత పడుతుంది.

సంస్థ పూర్తిగా మూతబడితే యజమాని సంతకం చేసే చోట గెజిటెడ్ అధికారి, నోటరీ, పోస్ట్‌మాస్టర్, సర్పంచ్ వంటివారి ధ్రువీకరణ తెచ్చుకోవచ్చు. ఆఫీసులో మీ సర్వీసు కంప్యూటర్లో లేదంటే, సంస్థ ఆ రోజుల్లో దాఖలుచేసిన 3ఏ, 6ఏ ఫారాలు చూడమనండి. 3ఏ ఒక్కో ఉద్యోగి ఏడాది లెక్క, 6ఏ సంస్థ మొత్తానిది. "పాత రికార్డు లేదు" అని నోటిమాటగా చెబితే తిరిగొచ్చేయకండి. పది రూపాయల సమాచారహక్కు దరఖాస్తు పెట్టి, ఫలానా సంస్థ కోడ్, ఫలానా ఏడాది 6ఏలో ఫలానా నంబరు ఎదురుగా ఏముందో నకలు ఇవ్వమని అడగండి. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. "నా సర్వీసు వివరాలు ఇవ్వండి" అని గాలిలో అడిగితే జవాబూ గాలిలోనే వస్తుంది. ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" పేరుతో పీఎఫ్ అధికారులు కూర్చుంటారు. హైదరాబాద్ వాళ్ళు బర్కత్‌పుర దాకా వెళ్ళగలరు గానీ, ఆదిలాబాద్, శ్రీకాకుళం వైపు వాళ్ళకు ఆ రోజే నయం. స్లిప్ జిరాక్స్ రెండు సెట్లు, నోట్‌బుక్ తీసుకెళ్ళండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. పని చేయిస్తామని ఓటీపీ అడిగే దళారికి అసలే ఇవ్వొద్దు. ఈ పనుల్లో దేనికీ పీఎఫ్ ఆఫీసు ఫీజు తీసుకోదు.

పీఎఫ్‌లోకి రాని ఉద్యోగాలు

సింగరేణిలో చేసినవారి ఖాతా బొగ్గుగనుల పీఎఫ్ కింద ఉంటుంది, చట్టం వేరు, ఆఫీసు వేరు. ఈపీఎఫ్ పోర్టల్లో ఎంత వెతికినా కనబడదు. ప్రభుత్వంలో కొన్నాళ్ళు చేసి వచ్చినవారికి సర్వీస్ రిజిస్టరే మూలం. ఆ శాఖ ఆఫీసుకు రాసి మీ పేజీల నకలు తెచ్చుకోండి.

గల్ఫ్‌లో చేసిన ఏళ్ళకు పాత పాస్‌పోర్టులే రిజిస్టరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్ళలో రద్దయిన పాస్‌పోర్టులు రబ్బరుబ్యాండు వేసి ఉంటాయి, ముద్రలు చూసి వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ ఒక్కొక్కటే రాసుకోండి. ఇకామా (అక్కడి నివాస అనుమతి కార్డు) నకలు, కాంట్రాక్టు కూడా దాచండి. అక్కడ పని ముగించినప్పుడు ఇవ్వాల్సిన మొత్తం లెక్క ఉంది: సౌదీలో కంపెనీ పంపించేస్తే లేదా ఒప్పందం ముగిస్తే మొదటి ఐదేళ్ళకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. చేతికి వచ్చింది దానికి సరిపోయిందో లేదో చూసుకోవడానికి చిట్టాలో ఏళ్ళు ఉండాలి. అమెరికాలో చేసి వెనక్కి వచ్చినవారు సోషల్ సెక్యూరిటీ ఖాతా తెరిచి ఏడాదివారీ సంపాదన పట్టిక దించుకోండి. అక్కడ పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకు మించి రావు. రెండు దేశాల సర్వీసును కలిపే ఒప్పందం భారత్, అమెరికాల మధ్య లేదు కనుక 36 దగ్గర ఆగినవారికి అవి ఇక్కడ పనికిరావు.

కిరాణా కొట్టు, ట్యూషన్ సెంటరు, చిన్న బడి, రైసు మిల్లు గుమాస్తా పని, ఇలాంటి చోట పీఎఫ్ ఉండకపోవచ్చు. ఇరవైమందికి తక్కువ ఉన్న సంస్థకు ఆ చట్టం సాధారణంగా వర్తించదు. వాటికి పింఛను రాదు. అయినా పేజీ కేటాయించండి. ఎడంలు పూడ్చడానికి పనికొస్తాయి, పైగా పిల్లలు చదివేది ఎక్కువగా ఆ పేజీలే.

ఐదేళ్ళు నిండాక మానేసిన ప్రతి ఉద్యోగం ఎదుట గ్రాట్యుటీ వచ్చిందా లేదా రాయండి. చివరి మూలవేతనం, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి వచ్చేది. రాజీనామా చేసినా ఇది హక్కే. ఈఎస్ఐ కోత ఐదేళ్ళు పడి ఆ ఉద్యోగం నుంచే రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం పొందొచ్చు. ఆ ఐదేళ్ళు ఎక్కడెక్కడివో రుజువు చేసేదీ ఇదే పుస్తకం.

ముగించేటప్పుడు చేయాల్సినవి

ఇక ఉద్యోగం చేయరు, యాభై ఎనిమిది ఇంకా రాలేదు అనుకోండి. పదేళ్ళు నిండితే పింఛను సొమ్ము ఎలాగూ తీసుకోనివ్వరు. నిండకపోయినా, మళ్ళీ ఉద్యోగంలో చేరే అవకాశం ఉంటే ఫారం 10సిలో డబ్బు అడగకుండా స్కీం సర్టిఫికెట్ అడగండి. సర్వీసు దానిమీద భద్రంగా ఉంటుంది. 2014 సెప్టెంబరు తరవాత పదిహేను వేలకు పైబడిన జీతంతో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఈపీఎస్ సభ్యత్వం లేదు, అంతకుముందు సభ్యులుగా ఉండి సొమ్ము తీసుకోనివారికి ఉంది. కాబట్టి 2008లో చేసిన రెండేళ్ళ చిన్న ఉద్యోగం సర్టిఫికెట్టే ఇప్పటి పెద్ద ఉద్యోగంలో పింఛనుకు తలుపు తెరవొచ్చు.

పింఛను యాభై నిండాక ముందే తీసుకోవచ్చు, కానీ 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున శాశ్వతంగా కోత పడుతుంది. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. 58 నిండాక కూడా ఉద్యోగంలో ఉంటే, పింఛను వాటా కట్టడం ఆపమని జీతాలు చూసేవారికి గుర్తుచేయండి. వాళ్ళు మరిచి కడుతూ పోతే లెక్క సరిచేసేదాకా పింఛను దరఖాస్తు, అంటే ఫారం 10డి, ముందుకు కదలదు. 10డికి భార్యాభర్తల ఉమ్మడి ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాతికేళ్ళలోపు పిల్లలుంటే వారి వయసు ధ్రువీకరణ, స్కీం సర్టిఫికెట్లు ఉంటే అన్నీ జతచేయాలి. ఒక్కటి వదిలేసినా ఆ సర్వీసు లెక్కలోకి రాదు.

నోట్‌బుక్ మొదటి పేజీ ఖాళీగా ఉంచుకున్నారు కదా, అక్కడ యూఏఎన్, ఈఎస్ఐ నంబరు, పాన్, పింఛను వచ్చే బ్యాంకు ఖాతా రాయండి. పాస్‌వర్డ్ రాయొద్దు. పోర్టల్లో ఈ-నామినేషన్ పూర్తి చేసి, ఏ తేదీన చేశారో కూడా అదే పేజీలో వేయండి. స్లిప్‌లను లామినేషన్ చేయించకండి, వేడికి పాత కాగితం పాడవొచ్చు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోనుతో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి కూడా పంపండి. పుస్తకం బీరువాలో ఏ అరలో ఉందో వాళ్ళకు చూపించి మరీ పెట్టండి.